ఆరీఫా ఏరు

ఆరీఫా క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. వాన రాని ఊళ్లలో దిగులు ఎలా తగ్గించాలన్నది ఆమె పరిశోధన. మాటల మధ్యలో ఎవరి మణికట్టయినా పట్టుకుని నాడి చూడటం ఆమెకు అలవాటు. "వదలమ్మీ, రొట్టె మాడతాండాది" అని వాళ్లమ్మ సైదాబీ రోజూ మొత్తుకుంటుంది. కళ్లు మూసుకుని పారే ఏటిని ఊహిస్తే నాడి నెమ్మదిస్తుందని ఆరీఫా సిద్ధాంతం. అది రుజువు కాకపోతే ఇన్నేళ్ల చదువూ మళ్లీ మొదటికొస్తుంది.

కంబదూరు దగ్గర రైతు మారెప్ప ఇంటి అరుగు మీద ఆమె గొంతు వెన్నెలలా పరుచుకుంది. "ఏరొస్తోంది... నిండుగా, నురగలతో..." ఆమె వేళ్ల కింద మారెప్ప నాడి మేకపిల్లలా ఎగిరింది. అతను దిగ్గున లేచాడు.

"నా మోటారు ఏట్లోనే ఉండాది! కొట్టుకపోతాది!"

"కూచోవయ్యా, అది మేడమ్ చెప్పే ఏరు" అంది భార్య రామాంజినమ్మ.

"ఎవురి ఏరైతే ఏమి, నీళ్లు నీళ్లే కదా!" అంటూ మోకు పట్టుకుని పరుగు తీశాడు.

సిద్ధాంతం కూలిన దిగులుతో ఆరీఫా బస్సుకు బయల్దేరింది. దారిలో ఎండిన ఏరు, తెల్లటి ఇసుక. మారెప్ప మోటారును గట్టుకెక్కించి చెమట తుడుచుకుంటున్నాడు. ఆరీఫా చెప్పులు చేతికి తీసుకుంది. చుడీదార్ తడవకుండా పైకెత్తి పట్టుకుని, మెల్లగా ఏరు దాటింది. అవతలి గట్టున తన నాడి తనే చూసుకుంది. అది హాయిగా, నిదానంగా కొట్టుకుంటోంది.