మల్లేశ్వరిని రమ్మన్న వ్యాసం

నా సర్వీసు ఇంకా రెండేళ్ళు ఉందనగా, ఏప్రిల్ రెండో వారంలో, పదో తరగతి ఇంగ్లీషు స్పాట్ వాల్యుయేషన్‌కు చీఫ్ ఎగ్జామినర్‌గా గుంటూరు వెళ్ళమని ఉత్తర్వు అందింది. అప్పటికి నేను ప్రత్తిపాడు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుని. స్పాట్ అంటే ఎగిరి గంతేసి వెళ్ళే టీచరు ఎవరూ ఉండరు. ఎండ మండిపోతూ ఉంటుంది, ఫ్యాన్లు తిరిగీ తిరగనట్టు తిరుగుతాయి, మధ్యాహ్నానికి నడుము పట్టేస్తుంది. నాకు మాత్రం ఆ రోజులంటే సరదా. ఇప్పుడు ఏప్రిల్ వస్తే ఆ తెల్ల కాగితాల వాసన కోసం ప్రాణం లాగుతుంది. ఇంట్లో చెబితే నవ్వుతారని చెప్పను.

పద్ధతి ఇలా ఉంటుంది. ఒక చీఫ్ కింద కొందరు అసిస్టెంట్ ఎగ్జామినర్లు. వాళ్ళు ఎర్ర సిరాతో దిద్దుతారు. ఒక్కొక్కరి కట్టలో నుంచి కొన్ని పేపర్లు తీసి చీఫ్ పచ్చ సిరాతో మళ్ళీ చూడాలి. మన జిల్లా పేపర్లు మనకు రావు. పేరున్న భాగం చించేసి కోడ్ నంబరు వేసి పంపుతారు. రాసిందెవరో మనకు తెలియకూడదు, దిద్దిందెవరో వాళ్ళకూ తెలియకూడదు. అందుకే జవాబుల్లో సొంత పేరు, ఊరు, బడి రాయడం నిషేధం. ఉత్తరం రాసినా పేరు దగ్గర మూడు ఎక్స్‌లు పెట్టమని ఏడాది పొడవునా పిల్లల చెవుల్లో ఊదుతూనే ఉంటాం. అయినా పేరు రాస్తే ఆ పేపరు మాల్‌ప్రాక్టీస్ కింద క్యాంప్ ఆఫీసర్ దగ్గరికి పోతుంది. అక్కడ ఖాయం చేస్తే పరీక్ష రద్దు, పిల్లకు ఏడాది పోయినట్టే.

ఆ ఏడాది చివరి ప్రశ్న పది మార్కుల వ్యాసం. బడి మానేసిన పిల్లలు మళ్ళీ చదువుకోవాలని నచ్చజెబుతూ రాయాలి. ఇలాంటి వ్యాసం ఎలా రాయాలో ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ముందు మన మాట, తర్వాత మూడు కారణాలు, ఎదుటివాళ్ళ అభ్యంతరానికి జవాబు, చివర విన్నపం. పిల్లలు గైడులో ఒక్క వ్యాసం బట్టీ పడతారు. చెట్లు నాటమన్నా, పరిశుభ్రత అన్నా, ఆడపిల్లల చదువన్నా అదే వ్యాసం, పేరు మారుతుందంతే. నేనూ అలాగే బట్టీ పట్టించాను. పాసవ్వాలి కదా! ఆ కట్టల్లోనూ అవే వాక్యాలు, అవే తప్పులు. చదివి చదివి నాకు విసుగొచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం నా కింద దిద్దే సుజాత ఒక పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కొత్తగా సర్వీసులో చేరిన అమ్మాయి, రూలు తప్పితే ఒప్పుకోదు.

“మేడమ్, ఈ పిల్ల పేరు రాసేసిందండి. ఊరు కూడా. ఆఫీసర్ గారికి పంపేద్దామా?”

చదివాను. “మల్లీ, నువ్వు రా” అని మొదలైంది వ్యాసం. ఇంగ్లీషు కుంటుతూనే ఉంది, క్రియలన్నీ చెల్లాచెదురు. రాసిన పిల్లది పొదిలి వైపు ఒక ఊరు. తన స్నేహితురాలు మల్లేశ్వరిని వాళ్ళమ్మ మిరపకోతలకు గుంటూరు వైపు తీసుకెళ్ళింది. తల్లీకూతుళ్ళు చెరో సాలు పట్టి కోస్తున్నారు. నువ్వు లేకపోతే మీ అమ్మ వెనకబడిపోతుందని నాకు తెలుసు, మేస్త్రీ తిడతాడనీ తెలుసు అని రాసింది. నీ చేతులు మండుతుంటాయి, కొబ్బరినూనె రాసుకో అని రాసింది. రెండో బెంచీలో నీ చోట ఎవర్నీ కూర్చోనివ్వలేదు అని రాసింది. ఆ తర్వాత, బదులు అనే మాటకు ఇంగ్లీషు దొరక్క ఆ తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టింది: నువ్వు వచ్చి సప్లిమెంటరీ అయినా రాయి, ఆ రోజులన్నీ నీ సాలు నేను బదులు కోస్తాను, మీ అమ్మతో నేను మాట్లాడతాను. కింద తన పేరు, ఇంటిపేరుతో సహా.

మా వైపు బదులు అంటే ఉత్త మాట కాదు. ఈ రోజు నీ చేలోకి నేను వస్తే, రేపు నా చేలోకి నువ్వు రావాలి. మనిషికి మనిషి. ఆ పిల్ల మల్లేశ్వరి కోసం తన రెక్కల్ని పందెంగా ఒడ్డింది. మూడు కారణాలూ లేవు, విన్నపమూ లేదు. అంత బాగా నచ్చజెప్పిన వ్యాసం నా సర్వీసులో నేను చదవలేదు.

చదువుతుంటే సలోమి గుర్తొచ్చింది. సలోమిదీ మాదీ ఒకే పేట. బడిలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న కాలు విరిగి మంచాన పడితే, సలోమి పత్తితీతకు పోయింది. రోజూ బడికి వెళ్తూ ఆ చేను పక్కనుంచే నడిచేదాన్ని. అది ఒడి కట్టుకుని వంగి పత్తి తీస్తుండేది. నేను చెయ్యి ఊపేదాన్ని. వాళ్ళింటి సంగతి, మనమేం చెబుతాంలే అనుకున్నాను. రావే అని ఒక్కసారి కూడా అనలేదు. తర్వాత నేను బీఈడీ చేసి, నచ్చజెప్పడం ఎలాగో ఊళ్ళో పిల్లలందరికీ నేర్పాను.

పేపరు పట్టుకుని క్యాంప్ ఆఫీసర్ గారి దగ్గరికి నేనే వెళ్ళాను. ముందు ఒక నోటు రాద్దామని కూర్చుంటే, పై ఉత్తర్వును అనుసరించి సమర్పించుకొనునది అంటూ మూడు పాయింట్లు వచ్చాయి. నాకే నచ్చక చించేశాను. ఆయన చెడ్డవారు కాదు, నిక్కచ్చి మనిషి.

“రూలు తెలుసుగా కృప గారూ. ఈ పిల్ల మీకేమన్నా అవుతుందా?” అన్నారు.

“కాదండి. ఎవరో కూడా తెలియదు.”

“మరి మీకెందుకండీ ఇంత పట్టుదల?”

సలోమి సంగతి ఆయనకు చెప్పలేదు. “దిద్దేవాళ్ళని బతిమాలుకుంటారనీ, గుర్తుపట్టి మార్కులు వేస్తారనీ ఆ రూలు పెట్టారండి. ఈ పిల్ల మనల్ని ఒక్క ముక్క అడగలేదు. మనం ఉన్నామన్న సంగతే మర్చిపోయింది. ఒక్కసారి మీరే చదవండి,” అన్నాను.

ఆయన చదివారు. బదులు అంటే ఏమిటని అడిగారు, చెప్పాను. మళ్ళీ మొదటి నుంచి చదివారు. నేను నిలబడే ఉన్నాను. చివరికి పేరు, ఊరు కనపడకుండా కొట్టేసి, పక్కన నా చేత సంతకం పెట్టించి, మామూలుగా దిద్దమని రాసిచ్చారు.

సుజాత స్కీము ప్రకారం దిద్దింది, పదికి ఆరు వచ్చాయి. పది వేయాలని నా చెయ్యి పీకింది. వేస్తే రూలు దేన్ని ఆపడానికి పెట్టారో అదే నేను చేసినదాన్నవుతాను. ఏడు వేసి పచ్చ సిరాతో సంతకం చేశాను. కట్ట కట్టారు, తీసుకెళ్ళిపోయారు. ఆ పిల్ల పాసైందో లేదో, మల్లేశ్వరి వచ్చిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడం తప్పు కాబట్టి అడగలేదు. వ్యాసం రాసిన పిల్ల పేరు ఇప్పటికీ నోట్లో ఆడుతూనే ఉంటుంది, ఎక్కడా పైకి అనను. మిరపచేల పక్కన బస్సు ఆగితే మాత్రం వంగి ఉన్న తలలన్నీ వెతుక్కుంటాను. ఇద్దరు ఆడపిల్లలు పక్కపక్క సాళ్ళలో కనిపిస్తే బస్సు కదిలేదాకా చూస్తాను.

స్పాట్ అయిపోయిన ఆదివారం సలోమి ఇంటికి వెళ్ళాను. చర్చిలో కనపడినప్పుడు పలకరించుకోవడమే తప్ప, పని పెట్టుకుని వెళ్ళింది అదే మొదటిసారి. సలోమి మనవరాలికి జడ వేస్తోంది. అప్పుడు బడికి రమ్మని నిన్ను అడగాల్సింది సలోమీ అన్నాను. జడ వేయడం ఆపకుండానే నవ్వింది.

“ఇప్పుడా అడిగేది? రెండు రోజులు చూశానే నీకోసం. కృప వచ్చి అడిగిద్ది, అడిగితే అమ్మతో గొడవేసుకునైనా పోదామనుకున్నా. నువ్వేమో చెయ్యూపుకుంటా పోయావు.”

మిగిలిన సర్వీసులో, ఏ పిల్లైనా ఒక రోజు రాకపోతే రెండో రోజు సాయంత్రమే, పక్కన కూర్చునే పిల్లని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళేదాన్ని. కొందరు వచ్చారు, చాలామంది రాలేదు. నేను నేర్చుకున్నది ఇంతే. మనం అడుగుతామేమోనని మనిషి ఎదురుచూసే రోజులు రెండో మూడో ఉంటాయి. నచ్చజెప్పేదేదో ఆ రోజుల్లోనే చెప్పాలి. ఆ తర్వాత ఎంత బాగా రాసినా అది మార్కులకే పనికొస్తుంది.