కాల్ అని చెప్పిన కార్డు

మంగళవారం పొద్దున హౌరా పక్కనున్న లిలువా నుంచి ఫోను వచ్చింది. చిన్నప్పుడు మాకు రైల్వే బడిలో తెలుగు చెప్పిన టీచరమ్మ పోయారు. ఆవిడ మనవరాలు చెప్పింది రెండే ముక్కలు: "మావయ్యా, మామ్మ పోయింది. నీకు ఒక కార్డు చెప్పి పెట్టింది."

చూపు మందగించాక టీచరమ్మ తన తల్లి కథ పూర్తి చేయాలనుకున్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, హౌరాలోని షాలిమార్ రైల్వే యార్డులో బొగ్గు ఏరి పిల్లల్ని పెంచిన మనిషి ఆ తల్లి. ఒక్కో సన్నివేశానికి రెండు మూడు మాటలు ఫోనులో రికార్డు చేసి పంపేవారు. ఆదివారాలు నేను వెళ్లి వాటిని ల్యాప్‌టాప్‌లో కార్డులుగా ఎక్కించేవాణ్ణి. కథలు రాసేవాళ్ల కోసం చేసిన సాఫ్ట్‌వేర్ అది. తెర మీద ఒక గీత, గీత పొడవునా సన్నివేశాల కార్డులు, వాటి కింద పాత ఫోటోలు, ఉత్తరాలు. కార్డును వేలితో జరిపితే కథలో రోజు మారిపోతుంది. తెలుగు సరిగ్గా చదవలేని మనవరాలి కోసం, తన తల్లి కనిపించే కార్డులన్నిటికీ ఎరుపు రంగు వేయించారు.

"ముందూ ఎనకా తేలిపోతే చాలు బాబూ," అనేవారు. "లేకపోతే దానికిది చిత్తుకాగితాల మూటే."

బడిలోనూ ఆవిడ పట్టింపు అదే. మా వ్యాసాల పక్కన ఎర్ర సిరాతో "ఎప్పుడు?" అని రాసి తిప్పి ఇచ్చేవారు. ఇన్నేళ్లు వార్తలు రాశాను. ఏ వార్త పంపేముందైనా ఆ ప్రశ్న వేసుకున్నాను.

ఒక్కసారి వేసుకోలేదు. "కాల్, షాలిమార్, అమ్మ" అని ఆవిడ పంపారు. బెంగాలీలో నిన్నా కాలే, రేపూ కాలే. లిలువా తెలుగులోనూ ఆ మాట అలాగే కలిసిపోయింది. అంతకుముందు పంపిన ముక్క తల్లి సమాధి గురించి కాబట్టి, నేను దాని మర్నాడు, రేపు, అనుకున్నాను. ఆ ఎర్ర కార్డు తల్లి సమాధి కార్డు తర్వాత పడింది. వరస చదివి వినిపిస్తే టీచరమ్మ టీ గ్లాసు కింద పెట్టారు.

"ఏటి బాబూ, పాతిపెట్టిన మా అమ్మని మళ్లీ బొగ్గుకి తోలీసినావా?"

నవ్వారు. నేను కార్డును వెనక్కి జరిపాను. తర్వాత అన్నారు: "తెలీకపోతే అడగాల. తెలిసినట్టు రాసీకూడదు."

బుధవారం సమాధుల తోట నుంచి వచ్చాక మనవరాలు ఆఖరి రికార్డు వినిపించింది. "కాల్. హౌరా స్టేషను. నేను." ఆ తర్వాత దగ్గు, ఇంకేమీ లేదు.

ఐదేళ్ల పిల్లగా తల్లి చెయ్యి పట్టుకుని టీచరమ్మ దిగింది హౌరాలోనే. ఒళ్లు నెమ్మదిస్తే హౌరాలో రైలెక్కి తల్లి పుట్టిన ఊరు చూసి వస్తానని పోయిన నెలలో అన్నదీ నిజమే.

"ఏ కాల్, మావయ్యా? నిన్నా, రేపా?"

తెలీదన్నాను. అడగడానికి మనిషి లేదు. కార్డు చేసి, గీత మీద పెట్టకుండా కింద వదిలాను.

ఆ పిల్ల దాన్ని వేలితో గీత మొదటికి తీసుకెళ్లింది. చివరికి తీసుకెళ్లింది. ఎక్కడా వదల్లేదు. తెర మీద వేలు అలాగే ఉంచి కూర్చుంది.