స్కీయింగ్ చెయ్యని నలుగురు

మంచుకొండలకి వెళ్దామన్నది మా ఆయన. బందరులో పుట్టి పెరిగి, చలంటే కార్తీకమాసంలో తెల్లవారుజామున దుప్పటి లాక్కోవడమే అనుకునే మనిషి, నలభై అయిదేళ్ళు వచ్చాక స్కీయింగ్ నేర్చుకుంటాడట. కాలేజీ చదువుతున్న పిల్లలిద్దరూ వంత పాడారు. ఇక స్కీయింగ్ చెయ్యనివాళ్ళం ముగ్గురం మిగిలాం: మోకాలు అరిగిన నేను, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తయ్య, గుడివాడలో టీచరుగా పనిచేస్తున్న మా ఆయన అక్క. నాకు వదిన. వాళ్ళు మంచులో జారుతుంటే మేం హోటల్ గదిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా? నాకు ఒళ్ళు మండింది. నోటు పుస్తకం తీసి, అయిదు రోజులూ మేం ఏమేం చెయ్యాలో రాయడం మొదలుపెట్టాను.

సాయంత్రం అత్తయ్య కూర తరుగుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని. మంచు మీద లాగే చెక్కబండి, ఐసు మీద నడక, వేడినీళ్ళ గుండం, తీగ మీద వేలాడుతూ కొండెక్కే గాజుపెట్టె. ఆవిడ అన్నింటికీ ఒకటే ప్రశ్న వేసేది.

"అందులో చెయ్యి వదలక్కర్లేదుగా?"

పడిపోతానని భయమేమో అనుకున్నాను. చెక్కబండిలో ఒక్కొక్కరే కూర్చోవాలని చెబితే, "అయితే కొట్టెయ్" అంది. ఐసు మీద నడక కూడా కొట్టించింది. వేడినీళ్ళ గుండం అనగానే కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. నీళ్ళంటే ఆవిడకి పడదని తెలిసి, అది నేనే కొట్టేశాను. గాజుపెట్టె దగ్గర మాత్రం ఆవిడ మొహం విప్పారింది.

"అందులో ఎంతమంది పడతారమ్మాయ్?"

"నలుగురు అత్తయ్యా."

"చాలు. మనం నలుగురమేగా."

"ముగ్గురమండీ" అన్నాను. ఆవిడ వినిపించుకోకుండా బెండకాయలు తరుక్కుంటూ ఉండిపోయింది.

ఫోన్లో వదినకి చెబితే నవ్వింది. "ముగ్గురు కలిసి బయల్దేరకూడదు కదమ్మా, అందుకని అంటోంది. నాలుగోదిగా రాయి ఒకటి వేసుకో, ఊరుకుంటుంది" అంది. నిజమే, మా వైపు ముగ్గురు ప్రయాణం కట్టాల్సి వస్తే రాయిని నాలుగో మనిషిగా లెక్కేస్తారు. మా నల్లరేగడిలో రాయి దొరకడమే గగనం. రైలు స్టేషన్ దగ్గర ఒక కంకరరాయి ఏరి, కడిగి, నా బ్యాగులో వేసి అత్తయ్యకి చూపించాను. ఆవిడ దాన్ని తీసి కిటికీలో పెట్టేసింది.

"రాయెందుకు? తను వస్తోందిగా."

ఎవరని అడిగితే పెట్టెలో చీరలు సర్దుకోవడంలో పడింది. అబద్ధమెందుకు, ఆ రోజు నుంచి ఆవిడ గదిలోకి ఒంటరిగా వెళ్ళాలంటే భయపడేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం చేతి తొడుగులు కొందామని బస్టాండు దగ్గర స్వెట్టర్లు అమ్మే నేపాలీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఏటా చలికాలం ఆవిడ దగ్గరే కొంటాం, ఇంటిల్లిపాదినీ గుర్తుపడుతుంది.

"నిన్ననే మీ అత్తగారు నాలుగు జతలు తీసుకెళ్ళింది కదమ్మా. నాలుగోది చిన్నది, పాపకి."

"ఏ పాపకి?"

"అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది కదా. చెయ్యంతా తడి. తుడిచి, తొడిగి చూశాను."

ఎవరి పిల్లనో చూసి మా పిల్ల అనుకుంటావేంటని ఆవిడ మీద కసురుకున్నాను. మా ఇంట్లో చిన్నపిల్లలే లేరు. వారం రోజులుగా చినుకు కూడా పడలేదు. ఇంటికొచ్చేసరికి అత్తయ్య మంచం మీద నాలుగు జతలూ వరసగా పరిచి ఉన్నాయి. చిన్న జత చేతిలోకి తీసుకున్నాను. కుడిచేతి తొడుగు లోపల తడిగా ఉంది.

సంగతి చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు. "అమ్మకి మతి తప్పుతోంది. ఆ కొండల్లో ఏమన్నా అయితే మనవల్ల కాదు. గూడూరులో బాబాయి వాళ్ళింట్లో దింపేసి వెళ్దాం" అన్నాడు. ఈ మాట పూర్తయ్యేసరికి అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. అరవలేదు, ఏడవలేదు. వచ్చి కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీని కూడా దగ్గరికి లాక్కుంది.

"నీ అక్క కడుపులో ఉన్నప్పుడు పురిటికని దివిసీమ వెళ్ళాను. ఉప్పెనొచ్చింది. ఒక చేత్తో తాడిచెట్టు పట్టుకున్నా, ఇంకో చేత్తో మా చెల్లిని. తొమ్మిదేళ్ళది. నీళ్ళు తోసేస్తుంటే పొట్ట చెట్టుకేసి నలిగిపోతోంది. పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకోవాలంటే దాని చెయ్యి వదలాలి. వదిలేశాను. ఇన్నాళ్ళకి మళ్ళీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నన్ను వదిలేసి వెళ్ళమాకురా."

అత్తయ్య పుట్టింటివాళ్ళంతా ఉప్పెనలో పోయారని మాకు తెలుసు. చెల్లెలి సంగతి మాత్రం ఆవిడ నోటి వెంట ఎప్పుడూ రాలేదు. నాకు దుఃఖం ఆగలేదు, ఇన్నాళ్ళూ ఆవిడని చూసి భయపడ్డందుకు సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని, అప్పటికప్పుడే గాజుపెట్టె టికెట్లకి ఫోన్ తెరిచాను. మా ఆయన ఫోన్ నుంచి వదినకి కలిపి, స్పీకర్లో పెట్టి అంతా చెప్పాను.

ఒక్కొక్కరి పేరూ వయసూ రాయమంది ఫోన్. నాది రాశాను, అత్తయ్యది రాశాను, వదినది రాశాను. నాలుగో గడి దగ్గర తలెత్తాను.

"తన పేరేంటి అత్తయ్యా?"

ఆవిడ చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను. అది మా వదిన పేరే. అప్పటికే పై గడిలో రాసేశాను.

మా అత్తయ్య కూతుర్ని ఎప్పుడూ "పెద్దదానా" అనే పిలుస్తుంది. అదొక ముద్దు అనుకునేవాళ్ళం.

"నాకు పెట్టింది ఊరి దేవత పేరని చెప్పారు" అంది వదిన ఫోన్లోంచి. "అందుకేనా, అమ్మ నన్ను ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవలేదు?"

అత్తయ్య పక్కనున్న ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"రాయమ్మా" అంది వదిన నాతో. "తొమ్మిదేళ్ళని రాయి. తన సీటు నా పక్కన వెయ్యి. ఈసారి నేను పట్టుకుంటాను."