అద్దంలో వాళ్ళకి కుర్చీలు

2004 వేసవిలో నోయిడాలోని ఒక ఇంటీరియర్స్ సంస్థలో నాకు ప్రాజెక్ట్ ఇన్‌ఛార్జిగా ప్రమోషన్ వచ్చింది. ఇన్‌ఛార్జి అంటే కొలతలు తీసిన నాటి నుంచి తాళాలు అప్పగించే దాకా ఇంటివాళ్ళూ వడ్రంగులూ పెయింటర్లూ అందరూ కలిసి తిట్టే మనిషి. నాకు వచ్చిన మొదటి పనే తెలుగువాళ్ళ ఇల్లు. రాజకుమారి గారిది బాపట్ల వైపు. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్. ఉద్యోగమంతా క్వార్టర్స్‌లో గడిపి, రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఫ్లాటు కొనుక్కున్నారు.

శనివారం సాయంత్రాలు ఆవిడ ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. క్వార్టర్స్‌లో హాలు చాలక సగంమంది వరండాలో కూర్చునేవారట. "కొత్తింట్లో అందరూ లోపలే పట్టాలమ్మా. నాకింకేం వద్దు" అన్నారు. గృహప్రతిష్ఠ ప్రార్థనకే అందరూ లోపల కూర్చుంటారని పాస్టరు గారికి మాట కూడా ఇచ్చేశారు. హాలు చూస్తే అగ్గిపెట్టె!

నాకప్పట్లో పాతకాలపు డిజైనర్లంటే పిచ్చి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య విదేశాల్లో పేరు మోసినవాళ్ళ గదుల ఫొటోల కోసం దరియాగంజ్ పాత పుస్తకాల సంతంతా జల్లెడ పట్టేదాన్ని. ఇరుకు గదులకి గోడ నిండా అద్దాలు పెట్టి రెండింతలుగా చూపించడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. నేనూ హాల్లో పొడుగు గోడకి నిలువెత్తు అద్దం, దానికెదురుగా పెద్ద సోఫా గీసి ఇచ్చాను. మా బాస్ మురిసిపోయాడు. రాజకుమారి గారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"బానే ఉందమ్మా. మరి అద్దంలో వాళ్ళకి కుర్చీలెవరేస్తారు?"

బాస్ నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆవిడది తప్పని చూపించాలనే ఆ పుస్తకాలు మళ్ళీ తీశాను. చూస్తే, ఆ అద్దాల కింద వీపు లేని చిన్న స్టూళ్ళు, బల్లల కిందికి తోసిపెట్టి ఉన్నాయి. కుర్చీలు ఒంటిచేత్తో ఎత్తేటంత తేలిక. గది మధ్యంతా ఖాళీ. ఆ ఫొటోలు ఎన్నిసార్లు చూశానో, కింద ఏముందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

సోఫా కొట్టేసి గోడ వారగా బెంచీ గీశాను. దాని మూత ఎత్తితే లోపల చాపలు. ఒకదానిమీద ఒకటి పేర్చుకునే స్టూళ్ళు. ఇక అయిపోయిందనుకుంటుంటే, కూడికలో ఆఖర్న అందరూ మోకరిస్తారని ఆవిడ మాటల్లో చెప్పారు. కూర్చునే మనిషికి ఎంత చోటు కావాలో మా కొలతల పుస్తకంలో ఉంది, పడుకునే మనిషికీ ఉంది. మోకరించే మనిషికి లేదు. ఆఫీసులో నేల మీద మోకరించి, తల వంచి, కొలవమని మా జూనియర్ నేహా చేతికి టేపు ఇచ్చాను. "దీదీ, యే కౌన్సా యోగా హై?" అంది ఆ పిల్ల. ఆ కొలతతో డ్రాయింగ్ మళ్ళీ మొదలుపెట్టాను.

సోఫా లేని ఇల్లు ఫొటోకి పనికిరాదని బాస్ గొడవ చేశాడు. చివరికి అతని కోసం అద్దం ఉంచాం. పిల్లలు ప్రార్థనలో దాన్ని చూసి వెక్కిరించుకుంటారని రాజకుమారి గారు దానికి తెర వేయించారు.

గృహప్రతిష్ఠ రోజు లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలలు లెక్కపెట్టుకున్నాను. జనం వస్తూనే ఉన్నారు. బెంచీ నిండింది, స్టూళ్ళు నిండాయి, చాపలు పరిచారు. పాట అయింది, వాక్యం అయింది. అందరూ మోకరించారు. లిఫ్టు ముందు వరండాలో ఒక్కరూ లేరు!

తీరా చూస్తే రాజకుమారి గారొక్కరే వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. క్వార్టర్స్‌లో ఆవిడ చోటు అదేనట, ఇన్నేళ్ళూ. ప్రార్థన అయ్యాక వాళ్ళమ్మాయి తన పక్కన ఖాళీగా ఉన్న చాప తట్టి "మమ్మీ, జగహ్ హై, బైఠో నా" అంది. ఆవిడ హాలంతా ఒకసారి చూసి, వచ్చి కూర్చున్నారు.

పాత డిజైనర్ల గదులు రిటైరయ్యేదాకా నాకు పనికొస్తూనే ఉన్నాయి. కానీ ఆ ఇంటి తర్వాత, ఎక్కడికెళ్ళినా టేపు తీసేముందు ఇంటావిడని ఒక మాట అడిగేదాన్ని: "నలుగురూ వచ్చినప్పుడు మీరెక్కడ కూర్చుంటారండీ?"