ఆస్పత్రికి పోయేటప్పటి ముస్తాబు

ఎవరైనా "బాగుండాను" అంటే ఇప్పటికీ నేను నమ్మను. అది మా అక్క మాట.

అక్కకు లూపస్ వచ్చినప్పుడు మా ఉదయగిరిలో ఆ పేరు పలకడం కూడా ఎవరికీ రాదు. తొంభైల నాటి సంగతి. ఒంటికి కాపలా ఉండాల్సిందే ఒంటిని తినేసే జబ్బని ఆత్మకూరు డాక్టరు చెప్పినాడు. అక్క సీతారామపురంలో టీచరు. మాత్రలకు మొహం ఉబ్బితే బళ్లో పిల్లలు బూరె టీచరని పేరు పెట్టినారు. జబ్బుకన్నా ఆ పేరే అక్కను ఎక్కువ బాధపెట్టింది.

ఆత్మకూరు పోయే రోజు అక్క ముస్తాబు చూడాల. పల్చబడిన జుట్టులో సవరం కలిపి జడ, బుగ్గల మీద ఎర్రమచ్చ కనపడకుండా స్నో, దాని మీద పౌడరు, చర్చికి కట్టే చీర. "పెళ్లికా పోతుండావు?" అని నేను ఎగతాళి చేస్తే, "ఆస్పత్రికైతే పాచిమొహంతో పోతారా ఏంది?" అనేది. అక్కడ డాక్టరు అడిగేలోపే "బాగుండాను సార్" అనేది. బయట బెంచీల నిండా జనం. ఆయన ఒకసారి మొహం చూసి, మచ్చల్లేవు, నొప్పుల్లేవు అని రాసి మాత్రలు తగ్గించేవాడు. అమ్మ పక్కనే నిలబడి తల ఊపేది. ఇంక మొహం ఉబ్బు దిగుతుందని తిరుగు బస్సులో అక్క నవ్వుకుంటా వచ్చేది. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, వెనకాలే ఏడుపొస్తుంది.

కాళ్లకు నీరు పట్టి లేవలేకపోయినాక నెల్లూరు తీసుకపోయినాం. అక్కడి పెద్ద డాక్టరు ఆత్మకూరు కాగితాలన్నీ ముందేసుకొని, ఏ నెలలో జబ్బు ఎంత జోరుగా ఉన్నిందో లెక్క కట్టబోయినాడు.

"వీటి ప్రకారం ఏడాదిగా జబ్బు అణిగే ఉండాలమ్మా. మరి కిడ్నీలు ఇంతగా ఎట్ల పాడైనాయి?" అన్నాడు.

అక్క గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. క్రిస్మస్ నుంచి దిండు మీద ఊడిన వెంట్రుకలు. ఎండాకాలంలో వేళ్లు బిగుసుకొని చెంబు కూడా ఎత్తలేకపోవడం. బళ్లు తెరిచినాక నోట్లో పుండ్లు, అందుకే కారం లేని అన్నం. తగ్గి తగ్గి మళ్లీ వచ్చే జ్వరం. పూసగుచ్చినట్టు చెప్పింది. డాక్టరు రాసుకుంటానే ఉండాడు.

అక్క మెల్లగా ఇటు తిరిగింది.

"అన్నీ తెలుసా నీకు? మరి ఆడ చెప్పలేదేమమ్మా?"

ఆ వారం దాటలేదు అక్క.

ఇప్పుడు అమ్మ బియ్యం ఏరుతా ఏరుతా ఉన్నట్టుండి చేయి ఆపుతుంది. ఇంట్లో నేనుండానని కూడా ఆమెకు గుర్తుండదు.

"తగ్గింది అని ఆయన అంటా ఉంటే, వినాలనిపించింది తల్లీ" అంటుంది, అక్క ఎదురుగా ఉన్నట్టు.