గొడుగు ప్లేటు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నరసరావుపేట హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. పిల్లకి గాలి సోకిందని వేపమండలు పట్టుకు తిరిగే తల్లిదండ్రులతో వాదించి, క్వినైన్ మింగించి మరీ పంపేవాణ్ణి. మా ఇంటి వెనక శ్మశానం ఉండేది. అద్దె తక్కువని ఆ ఇంటిని నేనే ఏరి తీసుకున్నాను. కింద రాసింది చదివి నన్ను పిరికివాళ్ల జాబితాలో వేయకండి. అందుకే ఇదంతా ముందే చెబుతున్నాను.

యుద్ధం ఆగిపోయిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. మద్రాసులో కొత్తగా ఒక గ్రామఫోను ప్లేట్ల కంపెనీ పెట్టారు. అది రెండేళ్లయినా నిలవలేదు కనుక పేరు అనవసరం. అందులో మా ఊరి పత్తి వర్తకుడు సుబ్బయ్య శెట్టిగారికి కొంత వాటా ఉండేది. బడి వార్షికోత్సవాలకు నేను రాసి ఆడించే హాస్యపు ముక్కలు ఆయన చూసేవారు. ఒకరోజు నన్ను కొట్టుకి పిలిపించి, వాటిని ప్లేట్లుగా తీద్దాం, మీరే రాసి మీరే చేయించండి అన్నారు. రెండు ప్లేట్లు, నాలుగు వైపులు, వైపుకి మూడు నిమిషాలు.

స్టేజీ మీద చేయించడం వేరు, మైకు ముందు చేయించడం వేరు. ఇది నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. నాలుగింటిలో మూడు ముక్కలకు ఊళ్లోవాళ్లే దొరికారు. నాలుగోది 'కొత్త గొడుగు'. ఒకాయన గొడుగు కొంటాడు, తడుస్తుందని వానలో విప్పడు, రంగు వెలిసిపోతుందని ఎండలో విప్పడు. పెళ్లాం సతాయిస్తుంది. ఆ మొగుడి వేషానికి మస్తాను తప్ప నాకు ఇంకెవరూ తోచలేదు.

మస్తాను గురజాలలో దర్జీ. పల్నాట్లో ఏ ఊళ్లో నాటకమాడినా హాస్యపు వేషం అతనిదే. నోరు తెరవకముందే జనం నవ్వేవాళ్లు. పంచె ఎగ్గట్టే తీరు, మెడ చాచే తీరు, నడక, అన్నీ నవ్వే. నా చిక్కల్లా అక్కడే వచ్చింది. మైకుకి మెడ కనపడదు గదా. మా ఇంట్లో దండెం మీద ఒక దుప్పటి వేలాడేసి, దానికి ఇవతల నేను కూర్చుని అవతల వాళ్లచేత చెప్పించేవాణ్ణి. మొదటి ఆదివారం నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. నాలుగో ఆదివారానికి మస్తాను ఒక్క నిట్టూర్పుతోనే నన్ను నవ్వించేశాడు. అతని గొంతులో చిన్న జీర ఉండేది. మాట చివర కొంచెం పైకి లేచి విరిగేది. ఆ విరుపులోనే ఉంది అతని హాస్యమంతా.

పెళ్లాం వేషం రాజమణిది. నాటకాల్లో పేరున్న మనిషే, అయినా గాజులు చప్పుడవుతాయని తీసెయ్యమంటే చానాసేపు మొహం ముడుచుకుంది. వాన చప్పుడుకి ఎండుమిరపకాయలు చేటలో ఆడిస్తే బాగుంటుందని శెట్టిగారి గుమస్తా సలహా ఇచ్చాడు. చప్పుడు బాగానే వచ్చింది కానీ, పావుగంట మేమంతా తుమ్ముతూనే ఉన్నాం. తర్వాత కందులు పెట్టుకున్నాం.

ముక్క బాగా పాకానికొచ్చింది, ఇంకా నలిపితే చప్పబడుతుందని నేనే రిహార్సళ్లు ఆపేశాను. రెండు వారాలు ఎవరి పనులు వాళ్లు చూసుకుని, రికార్డింగు పెట్టుకున్న గురువారం నేరుగా రమ్మన్నాను. అందుకే ఆ రెండు వారాల్లో మస్తాను సంగతి మాకెవరికీ తెలియలేదు.

మద్రాసు నుంచి రాఘవన్ అనే ఇంజనీరు యంత్రంతో వచ్చాడు. శెట్టిగారి గోడౌనులో పత్తి బోరాలు నాలుగు వైపులా నిలువెత్తు పేర్చి మధ్యలో చిన్న గది చేశాం. ఆ పత్తి మధ్య మాట ప్రతిధ్వని లేకుండా మెత్తగా వినిపించేది. యంత్రంలో గుండ్రటి మైనపు పళ్లెం తిరుగుతుంటే దాని మీద సూది గీతలు గీస్తుంది. ఒకసారి గీసిన మైనాన్ని అక్కడే మోగించి చూస్తే పాడైపోతుంది. మద్రాసు వెళ్లి ప్లేటు తయారై వచ్చేదాకా ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు.

పొద్దున బస్సుకి మస్తాను రాలేదు. ఆ రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సులు ఎక్కడపడితే అక్కడ ఆగిపోయేవి. మధ్యాహ్నం బస్సుకి వస్తాడనుకుని మిగతా మూడు ముక్కలు పూర్తిచేశాం. మధ్యాహ్నం బస్సుకీ రాలేదు. రాఘవన్ సాయంత్రం రైలెక్కాలి. మిగిలినవి రెండే పళ్లాలు.

నాలుగు గంటలప్పుడు శెట్టిగారు నా వంక చూశారు. "మాటలన్నీ మీకు నోటికొచ్చు గదా మాస్టారూ, మీరే చెప్పెయ్యండి" అన్నారు.

నేను నటుణ్ణి కాదు. అయినా ఇంకో దారి లేదు. మొదటి పళ్లెం నా తడబాటుతోనే పాడైంది. రెండోదానికి ముందు కళ్లు మూసుకుని, దుప్పటి అవతల నుంచి విన్న మస్తాను గొంతు తలచుకున్నాను. ఎర్ర బల్బు వెలిగింది. గుమస్తా చేటలో కందులు ఆడించాడు. రాజమణి మొదటి మాట అంది, నేను నా మాట అన్నాను. ఆ తర్వాత మూడు నిమిషాలు ఎట్లా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. భయంలో అట్లా జరుగుతుందని నాకు తెలుసు, పరీక్ష రాసొచ్చిన పిల్లలూ అట్లాగే చెబుతారు. కాళ్లు చల్లబడటం మాత్రం గుర్తుంది. అంత ఉక్కలో, పత్తి మధ్య.

బల్బు ఆరిపోయాక చూస్తే రాజమణి నన్నే చూస్తోంది.

"మాస్టారూ, ఆ చివరి మాట ఎప్పుడు కలిపారు?" అంది.

నేనేమీ కలపలేదు. ఎక్కడో తప్పు చెప్పి ఉంటాను, ఎగతాళి చేస్తోందనుకుని బయటికి వచ్చేశాను. ఆ రాత్రే మస్తానుకి ఒక కార్డు రాశాను. నెల రోజుల శ్రమ నీళ్లపాలు చేశావనీ, నలుగురిలో నా పరువు తీశావనీ, ఇక నా గడప తొక్కవద్దనీ రాశాను. జవాబు రాలేదు. రాకపోవడమే మంచిదనుకున్నాను. ఎందుకు రాలేకపోయాడో కనుక్కోవాలని నాకు తట్టనే లేదు. ఆ సంగతి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అయిదు వారాల తర్వాత ఒక శనివారం నమూనా ప్లేట్లు వచ్చాయి. శెట్టిగారి ఇంట్లో గ్రామఫోనుకి కీ ఇచ్చి పెట్టాం. మూడు ముక్కలు బాగున్నాయి. నాలుగోది మొదలైంది. వాన చప్పుడు, రాజమణి గొంతు, ఆ తర్వాత మస్తాను గొంతు.

నా గొంతు నాకు తెలియదని అంటారేమో, ప్లేటులో ఎవరి గొంతు వాళ్లకి కొత్తగానే ఉంటుంది, నిజమే. కానీ శెట్టిగారికి నా గొంతు తెలుసు గదా. "ఏంది మాస్టారూ, ఆ రోజు మస్తాను రాలేదు గదా?" అన్నారాయన. ఆ రోజు కందులు ఆడించిన గుమస్తా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆ జీర, ఆ మాట చివరి విరుపు, అన్నీ ఉన్నాయి.

చివరికొచ్చింది. ఎండకీ విప్పవు, వానకీ విప్పవు, ఇంకెప్పుడు విప్పుతావయ్యా అని పెళ్లాం అడుగుతుంది. కొడుకు పెళ్లికి విప్పుతా అనడంతో ముక్క అయిపోవాలి. నేను రాసింది అంతే. ప్లేటులో ఆ మాట తర్వాత చిన్న విరామం వచ్చింది. తర్వాత ఇంకో మాట.

"లేకపోతే నేను పోయినాక విప్పుకోవే. ఆపే మొగోడు ఎవడుంటాడు?"

రాజమణి నవ్వింది. అది రాసిన నవ్వు కాదు, పొంగుకొచ్చిన నవ్వు. దాంతో ప్లేటు అయిపోయింది.

శెట్టిగారి ఇంట్లోవాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు చల్లబడింది. జవాబు రాని నా కార్డు గుర్తొచ్చింది. నేను పోయినాక అన్నాడు. మనిషి పోయాడని ఆ క్షణంలో నాకు రూఢి అయిపోయింది. సైన్సు మాస్టారినన్న మాట ఆ రాత్రి నాకేమీ పనికి రాలేదు.

మర్నాడు మొదటి బస్సుకి, ప్లేటు తువ్వాల్లో చుట్టుకుని గురజాల బయలుదేరాను. దారి పొడుగునా జాన్‌బీకి, అంటే మస్తాను భార్యకి, ఏం చెప్పాలా అని కూడబలుక్కుంటూనే ఉన్నాను. మస్తాను దర్జీ కొట్టు మూసి ఉంది. తాళం మీద దుమ్ము పట్టి ఉంది. పక్కన బట్టల కొట్టాయన్ని అడగడానికి నోరు రాలేదు. నేరుగా ఇంటికే నడిచాను.

మస్తాను వాకిట్లో ఎండలో కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు.

తల మీద జుట్టంతా రాలిపోయింది. చొక్కా కొయ్యకి తగిలించినట్టుంది. అయినా మనిషి ఉన్నాడు. నన్ను చూసి సూది పక్కన పెట్టి లేవబోయాడు, లేవలేకపోయాడు. నేనూ అక్కడే నేల మీద కూలబడ్డాను. ఏడ్చానో నవ్వానో చెప్పలేను.

"మీ కార్డు చదివించుకున్నా మాస్టారూ. తిట్లు బానే ఉండయ్, ఏదన్నా నాటకంలో పెట్టుకుందాం" అన్నాడు. అదే జీర, అదే విరుపు. అంతకంటే తియ్యని మాట నేను ఇంతవరకు వినలేదు.

టైఫాయిడ్. రికార్డింగుకి పదిరోజుల ముందు పడిపోయాడట. కబురు చెయ్యడానికి ఇంట్లో మగదిక్కు లేదు. నేను ప్లేటు సంగతి ఎత్తలేదు. ముందు నేను చెబితే వాళ్లు చెప్పేది దాన్నిబట్టి మారిపోతుందని, కావాలనే ఆగాను. జబ్బు బాగా ముదిరిందెప్పుడని మాత్రం అడిగాను.

జాన్‌బీ తలుపు పక్కన నిలబడి చెప్పింది. "గురువారం, అన్నా. అప్పటికి రెండు దినాల నుంచి మాట లేదు, కన్ను తెరవలా. డాక్టరు కూడా చెప్పాల్సింది చెప్పి పొయ్యాడు. సాయంత్రం అసర్ నమాజుకి పిలుపు అయినాక ఉన్నట్టుండి మాట్లాడబట్టాడు. ఏందో గొడుగంట, వానంట. ఒక మాట అనేది, ఆగేది, ఎవురో జవాబు చెబుతున్నట్టు ఇనేది, మళ్లా అనేది. ఆఖరికి, నేను పోయినాక విప్పుకోవే అన్నాడు. నేను ఏడుపు ఎత్తుకున్నా, ఇరుగూ పొరుగూ వచ్చారు. అంతలోనే ఒళ్లంతా చెమటలు పోసి జరం దిగింది."

అసర్ పిలుపంటే సాయంత్రం నాలుగు, నాలుగున్నర ప్రాంతం. ఆమె ఇంట్లో గడియారం లేదు కనుక నిమిషాల లెక్క నేను చెప్పలేను.

మస్తానుకి ఆ సాయంత్రం ఏమీ గుర్తులేదు. కానీ ఆ మాట తనదేనన్నాడు. చివరి రిహార్సలు అయ్యాక ఇంటికి తిరిగొస్తూ బస్సులో తట్టిందట. ముందే చెబితే నేను వద్దంటానని, మైకు ముందు ఉన్నట్టుండి అనేసి అందర్నీ నవ్వించాలని దాచుకున్నాడట. ఇంట్లో కూడా చెప్పలేదట.

అప్పుడు తువ్వాలు విప్పాను. బట్టల కొట్టాయన తన గ్రామఫోను ఇంటికే తెచ్చిపెట్టాడు. మస్తాను గోడకానుకుని కళ్లు మూసుకుని విన్నాడు. చివరి మాట ఇంకా రాకముందే, ఆ చిన్న విరామంలోనే, తలుపు చాటు నుంచి జాన్‌బీ ఆ మాట అనేసింది. ఆ వెంటనే ప్లేటూ అదే మాట అంది. తర్వాత మస్తాను నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగితే జాన్‌బీ లోపల్నుంచి కేకలేసి వేణ్ణీళ్లు తెచ్చిచ్చింది. నా గుండెల మీది బరువు ఆ కేకలతోనే దిగిపోయింది.

నేను తెలియకుండానే మస్తానుని అనుకరించి ఉంటానని మా హెడ్‌మాస్టారు అన్నారు. అయి ఉండవచ్చు. నాలుగు ఆదివారాలు ఆ గొంతే విన్నాను గదా. ఆ చివరి మాట మస్తాను రిహార్సల్లో ఎప్పుడో నోరు జారి ఉంటాడని శెట్టిగారు అన్నారు. అదీ అయి ఉండవచ్చు, మస్తాను ఒట్టు పెట్టి కాదన్నా సరే. రాజమణిని అడిగాను. నా పెదాలు కదలడం చూశానంది, మాట మాత్రం మస్తానుదే వినపడిందంది. రాఘవన్‌కి ఉత్తరం రాస్తే, మైకులోకి వెళ్లిందే పళ్లెం మీద పడుతుంది, అంతకుమించి యంత్రానికి తెలియదని జవాబిచ్చాడు. ఒక్కొక్క ముక్కకీ ఏదో ఒక సమాధానం దొరుకుతోంది. అన్నీ కలిపి చూస్తే మాత్రం చాలడం లేదు. ఇప్పటికీ చాలడం లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకు కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది. ప్లేటు మీద అచ్చువేయడానికి, ఏ వైపు ఎవరు చెప్పారో డైరెక్టరు, అంటే నేను, రాసి సంతకం పెట్టాలి. అప్పటికి మస్తాను నరసరావుపేట దాకా ప్రయాణం చెయ్యగలిగాడు. మా ఇంట్లోనే ఉన్నాడు. నాలుగో వైపుకి ఎదురుగా నేను అతని పేరు రాయడం చూసి చెయ్యి పట్టుకున్నాడు.

"నేను ఆ రోజు రాలేదు గదా మాస్టారూ. దొంగ సాక్ష్యం అవుద్ది" అన్నాడు.

వచ్చావో రాలేదో నాకు తెలియదు, చెప్పింది మాత్రం నేను కాదు అన్నాను. సంతకం పెట్టాను. రుజువు చెయ్యలేని సంగతి కింద నేను పెట్టిన సంతకం అదొక్కటే.