మరుదాయి ఆఖరి సీను

కోయంబత్తూరు పక్కన పోదనూరు రైల్వే కాలనీ వెనక వీధిలో నాటకం గురించి ఎవరైనా ఒక్క ముక్క తప్పు చెప్పారా, దాన్ని సరిదిద్దేదాకా పేచ్చియమ్మాళ్‌కి తిన్నది అరగదు. అయ్యప్పన్ టీకొట్టు పక్కన పొయ్యి పెట్టుకుని తెల్లారేసరికల్లా ఇడ్లీలు దింపుతుంది. చేతులు ఇడ్లీలు తీస్తుంటాయి, నోరు నాటకం ఆడుతుంటుంది. రాజు గొంతూ ఆమెదే, దొంగ గొంతూ ఆమెదే, బఫూన్ గొంతూ ఆమెదే. మొగుడు పోయాక పిల్లల్ని ఆ ఇడ్లీ గిన్నె మీదే పెంచి పెళ్ళిళ్ళు చేసింది. కూతురు రమ్మంటే ఉడుమలైపేట వెళ్తుంది గానీ, నాలుగు రోజులు తిరక్కుండానే "ఆడ మాట్లాడేకి మనిసే లేదే" అంటూ బస్సు దిగుతుంది. అక్కడ మనుషులు లేక కాదు, నాటకం తెలిసిన మనుషులు లేక.

టీకొట్టు దగ్గర ఆ లోటు లేదు. అయ్యప్పన్‌కి హార్మోనియం పిచ్చి. నాటకాలవాళ్ళు దాన్ని పెట్టి అంటారు. పెట్టి బాగా పలికితే చాలు, మిగతా నాటకం ఏ గంగలో కలిసినా అతనికి పట్టదు. సెల్లాయికి పాట కావాలి. ఆమె రాత్రంతా యార్డులో రైలు పెట్టెలు కడిగి, పొద్దున్నే ఫినాయిల్ వాసనతో వచ్చి బెంచీ మీద కూలబడేది. కూలబడ్డ మనిషి టీ చేతికి రాకముందే మొదలుపెట్టేది.

"ఈ తడవ పెట్టికెవురు, అయ్యప్పా?"

"పోయిన తడవ వొచ్చినోడే అక్కా, మదురైయోడు. వాడి చెయ్యి చెయ్యి గాదు."

"చెయ్యి సరే. పాడేకి నోరు తెరిస్తే దున్నపోతు గొంతు."

"పెట్టి వాయించేవోడు పాడల్లని ఏముండాది?"

"కాదులే, మరి నోరు మూసుకోని వాయించల్ల గదరా!" అని పేచ్చియమ్మాళ్ పొయ్యి దగ్గర్నించే తీర్పు చెప్పేది.

అక్కణ్ణించి మాట గ్యాసు బండ ధరకీ, రాని కుళాయి నీళ్ళకీ, ఎవరి కోడలో అలిగి చిన్నమనూరు వెళ్ళిపోయిన సంగతికీ మళ్ళి, తిరిగి తిరిగి నాటకం దగ్గరికే వచ్చేది. తమిళంలో చదువుకుని, తమిళ నాటకం చూసి, దాని గురించి తెలుగులో పోట్లాడుకునే వీధి అది.

ఆ వీధికి తనదంటూ ఒక నాటకం ఉంది. ఒకప్పుడు వరసగా వానలు మొహం చాటేస్తే, ఆషాఢంలో, అంటే ఆడి నెలలో వచ్చే మారియమ్మ పండక్కి మదురై నించి నాటకం వాళ్ళని పిలిపించి మరుదాయి కథ ఆడించారు. ఆడిన వారంలో వాన కురిసింది. ఇంకేముంది, ఏటా అదే ఆడిస్తామని మొక్కేసుకున్నారు. కథ చిన్నదే. కరువులో మరుదాయి పసిబిడ్డను పోగొట్టుకుంటుంది. వాడు వేరే ఊళ్ళో పెరిగి, రాజు దగ్గర తలలు నరికే తలారి అవుతాడు. ఏళ్ళు గడిచాక, ఆకలికి వడ్లు దొంగిలించిందని మరుదాయిని పట్టుకొచ్చి ఆ తలారి ముందే నిలబెడతారు. వాడి మెడలో తను కట్టిన తాయత్తు చూసి తల్లి గుర్తుపడుతుంది. కానీ నోరు విప్పదు. విప్పితే తల్లిని చంపవలసి వచ్చిందన్న బాధ వాణ్ణి బతికినన్నాళ్ళూ తినేస్తుందని, కిక్కురుమనకుండా కత్తి కింద తల పెడుతుంది. కొడుక్కి ఎప్పటికీ తెలియదు. సరిగ్గా తెల్లవారుతుండగా మరుదాయి పడిపోతుంది. అప్పుడు ఆడవాళ్ళంతా లేచి, ఆమె పడ్డ చోట పసుపు నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళు పడితేనే మొక్కు తీరినట్టు.

ఈ ముగింపు వీధిలో అందరికీ తెలుసు, ఒక్క సెల్లాయికి తప్ప.

మొదటిసారి ఆ నాటకం ఆడిన రాత్రే ఆమె కొడుకు పాండియన్ రైలెక్కి వెళ్ళిపోయాడు. వాడికప్పుడు పన్నెండేళ్ళు. బడి ఎగ్గొట్టాడని ఆ సాయంత్రం ఆమె కొట్టింది. నాటకం సగంలో ఉండగా ఎవరో వచ్చి, మీవాడు స్టేషన్ వైపు పోతున్నాడని చెప్తే, చాప మీంచి లేచి పరిగెత్తింది. అప్పటికే బండి కదిలిపోయింది. కోపంలో పోయినవాడు ఆకలేస్తే వస్తాడన్నారు అందరూ. రాలేదు.

మరుసటి ఏడు పండక్కి సెల్లాయి కూడా అందరిలాగే మధ్యాహ్నమే స్టేజీ ముందు చాప పరిచి, మూలల్లో రాళ్ళు పెట్టింది. డ్యూటీ వేళ కాగానే మాత్రం లేచింది. అదే రాత్రి పోయినవాడు అదే రాత్రి వస్తాడేమో, ఏ పెట్టెలో ఏ సీటు కింద పడుకుని ఉంటాడో అని. ఆ తర్వాత ఏనాడూ పండగ రాత్రి సెలవు పెట్టలేదు. సూపర్‌వైజరే వెళ్ళమన్నా వెళ్ళేది కాదు.

రైల్వే వీధిలో ఏ రాత్రయినా సగంమంది పనిలోనే ఉంటారు. అందుకని అక్కడ ఒక కట్టుబాటు ఉంది. డ్యూటీకి పోయినవాళ్ళ చాప మీద ఎవరు కూర్చుంటే, పొద్దున వాళ్ళు మిగతా కథ చెప్పాలి, పాటలతో సహా. సెల్లాయి చాప మీద కూర్చున్నది పేచ్చియమ్మాళ్. తెల్లారి సెల్లాయి వచ్చి బెంచీ మీద కూర్చుని, ముందు కథైనా అడక్కుండా, "అక్కా, కడాన కొడుకు తల్లిని గుర్తు పట్టినాడా?" అంది.

ఆ కళ్ళు చూశాక పేచ్చియమ్మాళ్‌కి నిజం గొంతు దాటలేదు.

"పట్టకుండా యాడికి పోతాడే?" అనేసింది.

అనేశాక ఇంక ఆగలేదు. తలారి తాయత్తు పట్టుకుని, "ఇది నీకెట్ల తెలుసు తాయీ?" అనడం, కత్తి పారేయడం, తల్లి కాళ్ళ మీద పడడం, అన్నీ అప్పటికప్పుడు అల్లి, ఇడ్లీ గరిటెను కత్తి చేసి ఆడి చూపించింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని కొయ్యబారిపోయారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమంటారు. ఇక్కడ ఒక్క అబద్ధాన్ని వీధంతా కలిసి ఏళ్ళ తరబడి మోసింది.

ఒకసారి మాత్రం అయ్యప్పన్ కొంప ముంచబోయాడు. పెట్టి అంటే ఒళ్ళు తెలియని మనిషి కదా. "కడపటి సీన్లో ముగారి వాయించినాడు సూడక్కా, ఏడవనోడు లేడు!" అన్నాడు.

"ముగారి ఏడుపు రాగం గదరా," అంది సెల్లాయి. "బిడ్డ దొరికినప్ప ఏడుపు రాగం యాల?"

పేచ్చియమ్మాళ్ అయ్యప్పన్ కాలు గట్టిగా తొక్కింది. "సంతోసం మించిపోతే అట్లే ఉంటాదే," అని సర్దేసింది. ఆ తర్వాత అయ్యప్పన్ సెల్లాయి ముందు నాటకం మొదటి సగం దాటి ఎన్నడూ మాట్లాడలేదు.

ఈ ఏడు కథ అడ్డం తిరిగింది. సెల్లాయికి అరవై నిండాయని కాంట్రాక్టరు పని చాలించమన్నాడు. ఆమె చోటికి పాండీశ్వరి వచ్చింది. ముందటేడు పండగ అయ్యాక ఆ వీధికి కోడలై వచ్చిన పిల్ల, పోయిన ఏడు పండగ నాటికి పురిటికి పుట్టింట్లో ఉంది కాబట్టి నాటకం చూడనేలేదు. ఇప్పుడు చంటివాణ్ణి ఇంట్లో అత్తగారి దగ్గర పడుకోబెట్టి డ్యూటీకి పోతోంది. "పొద్దున వొస్తే నా దగ్గరికి రానంటాడు అత్తా, నా మొగం మరిచిపోతా ఉండాడు," అని, తను అత్తా అని వరస కలిపి పిలిచే సెల్లాయి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

"నాటగం రేత్రి నీ చాప మింద నేను కూసుంటా, పో," అని సెల్లాయి ఆ పిల్లకి మాట ఇచ్చింది. తర్వాత పేచ్చియమ్మాళ్ వైపు తిరిగి, "ఈ తడవ కడాసీదాకా సూస్తా అక్కా. నువ్వు సెప్పి సెప్పి నాకు మనప్పాటమే, అంతా నోటికి వొస్తాది. అయినా వాడు కాళ్ళ మింద పడేది నా కండ్లతో సూడల్ల," అంది.

పేచ్చియమ్మాళ్ గుండెల్లో రాయి పడింది. ఇన్నేళ్ళు మోసం చేశావా అని సెల్లాయి తిడుతుందని కాదు. తిడితే పడొచ్చు. ఆ అబద్ధాన్ని పట్టుకునే ఆ మనిషి ఇన్నేళ్ళు ఒక్కో రైలుపెట్టె వంగి వంగి వెతికింది. ఇప్పుడది లాగేస్తే దేన్ని పట్టుకుని లేచి నిలబడుతుంది? ముందే చెప్పేద్దామని నోరు తెరవడం, "ఉప్పు తక్కవైందా?" అని ఇడ్లీ సంగతి అడగడం, ఇదే అయింది పండగదాకా. మింగలేక కక్కలేక సగమైపోయింది.

పండగ నాడు మధ్యాహ్నం, నాటకం వాళ్ళు దిగిన బడికి ఇడ్లీల గిన్నె తీసుకుని వెళ్ళింది. తలారి వేషం వేసే రాజగోపాలన్ వాళ్ళ పెద్ద. మదురైలో పుట్టి పెరిగినా ఇంట్లో తెలుగే.

"సామీ, ఈ ఒక్క తడవకి ఆ కొడుకు తాయత్తు సూసి తల్లిని గుర్తు పట్టినట్టు ఆడకూడదా?"

రాజగోపాలన్ ముందు నవ్వాడు. ఆమె సంగతంతా చెప్పాక నవ్వు ఆపి, చేతిలో అద్దం కింద పెట్టాడు.

"నాకు మనసు లేక కాదు అవ్వా. ఇది మొక్కు నాటగం. మరుదాయి పడకపోతే మీ ఆడోళ్ళు నీళ్ళు యాడ పోస్తారు? రేపు వాన రాకపోతే మీ వీధే నన్ను కట్టేసి కొడతాది."

అదీ నిజమే. ఆ మాట ఇంకెవరైనా అడిగుంటే పేచ్చియమ్మాళే ముందు చీపురు తిరగేసేది.

ఆ రాత్రి పాటలెలా ఉన్నాయో, బఫూన్ ఏం నవ్వించాడో ఆమె చెవికెక్కలేదు. తూర్పు తెల్లబడి, చర్చి గంట మోగి, కాకులు అరవడం మొదలెట్టాక ఆఖరి సీను వచ్చింది. "టీ తాగొద్దాం రాయే," అని పేచ్చియమ్మాళ్ ఆఖరి ఎత్తు వేసింది. సెల్లాయి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

మరుదాయి తాయత్తు చూసింది. "ఇదో, ఇప్ప సూస్తాడు," అంది సెల్లాయి ముందుకు వంగి. మరుదాయి నోరు విప్పలేదు. తలారి ఆమె ముఖమైనా చూడలేదు. కత్తి లేచింది. పెట్టి మీద ముగారి మొదలైంది. మరుదాయి పడిపోయింది.

సెల్లాయి చెయ్యి పేచ్చియమ్మాళ్ చేతిలోంచి మెల్లగా జారిపోయింది. ఆమె ఏడవలేదు. ఆడవాళ్ళంతా లేస్తే తనూ లేచి, చెంబు తీసుకుని, వాళ్ళతోపాటు పసుపు నీళ్ళు పోసింది. మళ్ళీ చాప దగ్గరికి రాలేదు. పేచ్చియమ్మాళ్ ఒక్కతే చాప చుట్టి ఇంటికి తెచ్చింది.

ఇడ్లీలు ఆలస్యమయ్యాయి. సెల్లాయి ఎప్పటిలాగే బెంచీ మీద కూర్చునుంది. టీకొట్టు దగ్గర అందరూ ఉన్నారు గానీ ఒక్కరూ నాటకం మాటెత్తలేదు. ఆ వీధి చరిత్రలో అలాంటి పొద్దు ఇంకొకటి లేదు. అయ్యప్పన్ కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతున్నాడు. పేచ్చియమ్మాళ్ తల ఎత్తలేక పొయ్యి ఊదుతూ కూర్చుంది.

అప్పుడు పాండీశ్వరి యార్డు నించి వచ్చింది. దారిలో అత్తగారి దగ్గర్నించి బిడ్డను ఎత్తుకొచ్చినట్టుంది, వాడు వెనక్కి చేతులు చాపి ఏడుస్తున్నాడు.

"అత్తా, నా చాప మింద కూసున్యావు గదా. కదై సెప్పు."

సెల్లాయి ఒక గుక్క టీ తాగి మొదలుపెట్టింది. కరువు చెప్పింది, బిడ్డను పోగొట్టుకోవడం చెప్పింది, మధ్యలో రెండు పాటలు పాడింది. ఎప్పుడూ వినడమే గానీ చెప్పి ఎరగని మనిషి, బాగా చెప్పింది. మరుదాయిని తలారి ముందు నిలబెట్టేసరికి పాండీశ్వరి ఆగలేకపోయింది. ఏడ్చే బిడ్డను గుండెకి అదుముకుని, "కొడుకు గుర్తు పట్టినాడా అత్తా?" అంది.

సెల్లాయి ఆ బిడ్డ వైపు చూసింది. తర్వాత పొయ్యి దగ్గర పేచ్చియమ్మాళ్ వైపు చూసింది, చాలాసేపు.

"పట్టకుండా యాడికి పోతాడే?" అంది.

సెల్లాయి లేచి, పేచ్చియమ్మాళ్ గరిటె అందుకుని దాన్నే కత్తి చేసింది. తాయత్తు పట్టుకోవడం, "ఇది నీకెట్ల తెలుసు తాయీ?" అనడం, కత్తి పారేయడం, ఒక్క మాట పొల్లు పోకుండా పేచ్చియమ్మాళ్ చెప్పినట్టే చెప్పింది. పాండీశ్వరి ఏడుస్తూ నవ్వి, "మరి దోవలో ఎవురో సెప్పిరి, కడాన పెట్టిమింద ముగారి వాయిస్తే అందురూ ఏడ్చినారని?" అంది.

"ఔనే, ముగారే," అంది సెల్లాయి. "సంతోసం మించిపోతే అట్లే ఉంటాదే."

పేచ్చియమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. అయ్యప్పన్ ఎవరూ అడక్కుండానే అందరికీ ఇంకో టీ పోశాడు.

ఆ సాయంత్రం బండ్లు వచ్చే వేళకి, మునుపు డ్యూటీకి పోయినట్టే సెల్లాయి తల దువ్వుకుని బయల్దేరింది. డ్యూటీ లేదు కదా, ఎక్కడికని ఎవరూ అడగలేదు. పేచ్చియమ్మాళ్ నానేసిన బియ్యం అలాగే వదిలేసి, "ఉండవే, నేనూ వొస్తా" అంటూ చెప్పులు వేసుకుంది. ఇద్దరూ స్టేషన్ వైపు నడిచారు.